కొద్ది డబ్బుతో కెమేరా కొనడం

(ఉగాదికి ముందు జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కెమేరాలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను కొంచెం జంకాను. నేను ఫొటోలు తీసి బతికేవాణ్ణి కాను. కదిరి ప్రాంతంనుంచి ఉద్యోగరీత్యా బాగేపల్లి వచ్చి, పిల్లలకు లెక్కలు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయితే నేను కొన్న ప్రతి కెమేరా చాలీచాలని డబ్బుతోనే కొన్నాను. కొన్నప్పుడల్లా ఏదో ఒక పొరపాటు చేశాను. ఆ పొరపాట్లే నా అర్హత అనుకుని ఒప్పుకున్నాను.

అన్నిటికంటె పెద్ద పొరపాటు ముందు చెప్పేస్తాను. 1997లో బెంగళూరు వెళ్లి ఒక పాత ఫిల్ము కెమేరా కొన్నాను. దానితోపాటు మూరెడు పొడుగు లెన్సు ఒకటి. చెరువు అవతలి గట్టున వున్న కొంగ కన్ను కూడా కనబడుతుందని అమ్మినాయన చెప్పాడు. నిజమే, కనబడింది. కాని రెండూ కలిసి రెండు కిలోల పైన బరువు. సెలవుల్లో ఊరికి వెళ్లేటప్పుడు బస్సులో పిల్లలూ, సంచులూ, పైగా ఇదెందుకని దాన్ని బీరువాలోనే పెట్టి వెళ్లేవాణ్ణి. అలా ఏడేళ్లు గడిచాయి. 2004లో మా అవ్వ పోయింది. కర్మనాడు దండ వెయ్యడానికి ఇంట్లో ఆమె ఫొటో లేదు. ఇల్లంతా వెతికితే చివరకు దొరికింది ఓటరు కార్డు మీద వున్న బొమ్మ. దానినే పెద్దది చేయించాము. పెద్దదయ్యేకొద్దీ మొహం చెదిరిపోయింది. స్టూడియో అతను పాపం చెదిరినచోటల్లా తనకు తోచినట్టు దిద్దిపెట్టాడు. మా అవ్వకు ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు వుండేది. అది మరక అనుకుని తుడిచేశాడు. ఇవాళ మా యింటి గోడ మీద వున్నది ఎవరో మంచి ముసలమ్మ. ఆమెను చూస్తే నాకు మా అవ్వ గుర్తుకు రాదు. నా దగ్గర కొంగల ఫొటోలు మాత్రం రెండు ఆల్బములు వున్నాయి.

ఇది చెప్పడం మిమ్మల్ని బాధపెట్టడానికి కాదు. కెమేరా కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఏమిటో నాకు ఆ రోజున తెలిసింది. ఎంత పెట్టాలి, ఏ కంపెనీది కొనాలి అనేవి తరవాతి ప్రశ్నలు. ఎవరి ఫొటో తియ్యడానికి కొంటున్నాము? అది మొదటి ప్రశ్న.

మనం వున్న ఈ నేలనే చూడండి. చింతామణి తాలూకాలో కైవారం వుంది. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలూ, తత్త్వాలూ చెప్పిన నారాయణప్పగారిని అందరూ తాతయ్య అని పిలుచుకుంటారు. వారు 1726లో పుట్టి 1836లో దేహం చాలించారని సంప్రదాయం. పారిస్ నగరంలో దాగెర్ అనే ఆయన కనిపెట్టిన ఛాయాచిత్ర పద్ధతి లోకానికి వెల్లడైంది 1839లో. మూడేళ్ల తేడా! అంచేత తాతయ్యగారి రూపాన్ని మనం చిత్రకారుల ఊహలోనే చూడగలం. ఇటు చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లి వుంది. 1861లో అక్కడ పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వులు గిద్దలూరు వైపునున్న మోక్షగుండంనుంచి వచ్చినవారు. మనవంటి వలస తెలుగు కుటుంబమే. ఆయన 1962 దాకా జీవించారు. ఆయన తలపాగా ఎలా వుంటుందో ఇవాళ బడిపిల్లలకు సైతం తెలుసు. అది ఫొటోల చలవ. మన ఇళ్లలోని పెద్దలను తియ్యడానికి ఏ పత్రికవారూ రారు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ జేబులో వున్న ఫోనుకు కెమేరా వుంది. వేరే కెమేరా అవసరమా అని చాలామంది అడుగుతారు. నా జవాబు సూటిగా చెబుతాను. పగటి వెలుతురులో, ఆరడుగుల దూరంలో, కదలకుండా కూర్చున్న మనిషిని తియ్యడానికి ఫోను చాలు. ఈ ఒక్క పనికోసమే అయితే డబ్బు ఖర్చుపెట్టకండి. రేపు ఉగాదినాడే మీ అమ్మగారిని అరుగు మీద కూర్చోబెట్టి తియ్యండి. అయితే ఫోనులోని సెన్సరు చాలా చిన్నది. సెన్సరు అంటే వెలుతురును పట్టే పలక. వెనకటి ఫిల్ము చేసే పని ఇప్పుడు అది చేస్తుంది. పలక చిన్నదైనకొద్దీ చీకటిలో బొమ్మ ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. పరుగెత్తే పిల్లవాడు పొగలాగ వస్తాడు. దూరాన్ని వేలితో లాగి దగ్గర చేస్తే చాలా ఫోనుల్లో జరిగేది వున్న బొమ్మను కత్తిరించి సాగదియ్యడమే. ఈ ఇబ్బందులు మీకు నిజంగా ఎదురవుతూ వుంటేనే కెమేరా సంగతి ఆలోచించాలి.

కెమేరా మీద అచ్చువేసే పెద్ద అంకెలకు లొంగకండి. ఇన్ని మెగాపిక్సెళ్లు, అన్ని మెగాపిక్సెళ్లు అంటారు. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. ఆల్బములో పెట్టే ఆరు అంగుళాలు, నాలుగు అంగుళాల ఫొటోకు 1,800ను 1,200తో గుణించండి. 21 లక్షల 60 వేలు. అంటే రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం పైన. గోడకు పెట్టే పన్నెండు, ఎనిమిది అంగుళాల ఫొటోకు 86 లక్షల 40 వేలు. తొమ్మిది మెగాపిక్సెళ్లు కూడా కాదు. పది పన్నెండేళ్ల నాటి మామూలు కెమేరా కూడా ఇంతకంటె ఎక్కువే ఇస్తుంది.

చవక కెమేరా అంటే చిన్నచూపు అక్కరలేదు. 1900లో కోడాక్ వారు బ్రౌనీ అనే అట్టపెట్టె కెమేరాను ఒక్క డాలరుకు అమ్మారు. దానితోనే సామాన్యుల ఇళ్లలోకి ఫొటో వచ్చింది. మన దేశంలో ఆగ్ఫా క్లిక్ త్రీ అనే నల్లపెట్టె చాలా ఇళ్లలో వుండేది. పెద్దవాళ్లకు జ్ఞాపకం వుంటుంది. ఒక రీలుకు పన్నెండు బొమ్మలు. తిప్పడానికి పెద్దగా మీటలేమీ లేవు. మా పెళ్లికి ముందు మా మామగారు దానితో తీసిన ఇంటిల్లిపాది ఫొటో ఇవాళ్టికీ మా ఇంట్లో వున్న వాటిలో మంచిది. పన్నెండే బొమ్మలు గనుక, నొక్కే ముందు ఆయన అందరినీ నీడలోకి పిలిచి, చంటిపిల్ల ఏడుపు మానేదాకా ఆగాడు. ఆ ఆగడం ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇప్పుడు ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. మదనపల్లె వైపునుంచి వచ్చిన కుటుంబం. చింతామణి టమాటా మార్కెట్టులో లెక్కలు రాస్తాడు. కష్టపడి 30,000 రూపాయలు కూడబెట్టాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "సార్, 45,000కు కొత్తది వస్తుందంట. రెండు లెన్సులు ఇస్తారంట. మిగతాది వాయిదాల మీద కట్టొచ్చంట. తీసుకోమంటారా?" అన్నాడు.

"ఏం తీస్తావు నాయనా?" అని అడిగాను.

"నంది కొండ సార్. పక్షులు సార్," అన్నాడు. నా కొంగలు గుర్తొచ్చి నేను మాట్లాడలేదు. కాసేపటికి అతడే, "మా నాయనకు ఊపిరి సరిగా ఆడడం లేదు సార్. ఊళ్లోనే వున్నాడు. రమ్మంటే రాడు," అన్నాడు.

"అయితే మీ నాయనకు సరిపోయే కెమేరా కొందాము. పక్షులు ఎక్కడికీ పోవు," అన్నాను.

ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాము. వెనకటి రోజుల్లో రూపాయికి పదహారణాలు గదా. అణాల లెక్కలో మొత్తాన్ని పంచుకుంటే మనసుకు సులువుగా వుంటుంది. పదహారణాలలో తొమ్మిది అణాలు కెమేరాకూ, దానితో వచ్చే మామూలు లెన్సుకూ. మూడు అణాలు ఇంకో మంచి లెన్సుకు. ఒక అణా మెమరీ కార్డుకూ, అదనపు బ్యాటరీకీ. ఒక అణా సంచికీ, తేమ తగలకుండా దాచే డబ్బాకూ. మిగిలిన రెండు అణాలు ఫొటోలు అచ్చు వేయించడానికీ, ప్రతులు దాచడానికీ. అతడి డబ్బులో తొమ్మిది అణాలంటే 16,875 రూపాయలు. ఆ డబ్బుకు కొత్తది రాదు. వాడినది చూడాలి. అందరూ పదహారణాలూ కెమేరా మీదే పెట్టి, ఆ తరవాత ఒక్క ఫొటో అయినా కాగితం మీదికి రాకుండా చూసుకుంటున్నారు. నేనూ అదే చేశాను గనుక చెబుతున్నాను.

వాడిన కెమేరా కొనడానికి ఇది మంచి కాలమే. 2018లో నికాన్ వారూ, కానన్ వారూ లోపల అద్దం లేని పెద్ద సెన్సరు కెమేరాల వరుసలు మొదలుపెట్టారు. అప్పటినుంచి కొత్త సరుకంతా ఆ వైపే పోతున్నది. అద్దమున్న పాత డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లను చాలామంది అమ్మేస్తున్నారు. అవి తీసే బొమ్మ నిన్న ఎలా వుందో ఇవాళా అలాగే వుంది. తగ్గింది ధర మాత్రమే.

అయితే వాడిన వస్తువును ఎద్దును కొన్నట్టు కొనాలి. పళ్లు లెక్కపెట్టాలి, నడిపించి చూడాలి. నేను చూసేవి ఇవి. ఒకటి: లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. తెల్లటి దారాల్లాగ, సాలెగూడులాగ కనబడితే అది బూజు. ఎంత చవకగా ఇచ్చినా వద్దు. రెండు: లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 16 దగ్గర పెట్టి తెల్లటి గోడను ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. నల్లచుక్కలు కనబడితే సెన్సరు మీద దుమ్ము వుంది. దుమ్ము అయితే తుడిపించవచ్చు, గీత అయితే కుదరదు. మూడు: లెన్సుకు మూత పెట్టి ఒక ఫొటో తియ్యండి. అంతా నల్లగా రావాలి. రంగుచుక్కలు మెరుస్తూ వుంటే ఆ చోట్ల సెన్సరు చెడింది. నాలుగు: షట్టరు ఎన్నిసార్లు పడిందో అడగండి. బండికి కిలోమీటర్ల లెక్క ఎలాగో దీనికి అది అలాగ. అయిదు: బ్యాటరీ, చార్జరు అసలువేనా, బిల్లు వుందా, బిల్లు మీది సంఖ్యా కెమేరా అడుగున వున్న సంఖ్యా ఒకటేనా చూడండి. బిల్లు లేదంటే ఆ వస్తువు ఎవరిదో మనకు తెలియదు.

ఇంకొక చిక్కు వుంది. లెన్సూ కెమేరా జత కుదరాలి. నికాన్ డి3000, డి5000 వరుసల కెమేరాలలో లెన్సును తిప్పే మోటారు బాడీలో వుండదు. అందుకని ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని రాసివున్న లెన్సులైతేనే బొమ్మను వాటంతట అవి స్పష్టం చేసుకుంటాయి. వాటిలోనూ ఏఎఫ్-పి రకం కొన్ని పాత బాడీల మీద పనిచెయ్యదు. చవకగా వచ్చిందని పాత లెన్సు కొంటే చేతితో తిప్పుకోవలసిందే. కానన్ వారి ఈఎఫ్ లెన్సులలో మోటారు లెన్సులోనే వుంటుంది గనుక వారి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లతో ఈ బాధ లేదు. ఏది కొన్నా, కొనబోయే లెన్సును కొనబోయే బాడీకి తగిలించి చూసిన తరవాతే డబ్బు ఇవ్వండి.

మూడు అణాల లెన్సు ఏమిటని మీరు అడగవచ్చు. కెమేరాతో వచ్చే లెన్సు పదిమందినీ ఒక్కచోట పట్టుకోవడానికి పనికివస్తుంది. కాని దగ్గరగా లాగితే దాని రంధ్రం ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 అనే చిన్న లెన్సు ఒకటి వుంది. చాలా కంపెనీలవారు చేసేదే, లెన్సులలో అతి చవకైన వాటిలో ఒకటి. ఇక్కడ లెక్కల పాఠం ఒక్క నిమిషం. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదానిని దానితోనే గుణించండి. సుమారు పది వస్తుంది. అంటే ఈ లెన్సు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. మామూలు లెన్సుకు సెకనులో ఆరో వంతు పట్టే చోట దీనికి అరవయ్యో వంతు చాలు. ఆరో వంతులో చెయ్యి వణుకుతుంది, మనిషి కదులుతాడు. అరవయ్యో వంతులో నిలుస్తాడు. మన పల్లె ఇళ్లలో ఒక కిటికీ, ఒక గడప, అంతే గదా వెలుతురు. అటువంటి చోట ఫ్లాషు వెయ్యకుండా ముసలివారి మొహం తియ్యాలంటే ఈ లెన్సు కావాలి.

దీనిని పరీక్ష చెయ్యాలంటే నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయానికి వెళ్లండి. బయట ఎండ, లోపల రాతి మంటపంలో మసక. స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి అడగాలి. కనుక చేతితోనే తియ్యాలి. రెండు లెన్సులతోనూ ఒకే స్తంభాన్ని తీసి చూసుకుంటే నేను చెప్పినదంతా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. కొండమీదికి తెల్లవారకముందే వెళితే మరొక పాఠం. మంచు కమ్మినప్పుడు అంత తెల్లదనాన్ని చూసి కెమేరా మోసపోతుంది. బొమ్మను బూడిదరంగుకు దించేస్తుంది. కూడిక, తీసివేత గుర్తులున్న మీటను కూడిక వైపు ఒక అంకె జరిపితే మంచు మంచులాగ వస్తుంది. ఇక బాగేపల్లి వైపు గుమ్మనాయకనపాళ్యం కోట దగ్గర మిట్టమధ్యాహ్నం మనిషిని నిలబెట్టి తీస్తే కళ్లున్నచోట రెండు గుంతలు వస్తాయి. గోడ నీడలోకి ఒక్క అడుగు రమ్మనండి. ఈ మూడు పాఠాలకూ బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

కొనడం అయింది, తియ్యడం అయింది. మిగిలినది దాచడం. మన సంఘంలోనే ఒక సోదరి ఫోను నీళ్లలో పడి నాలుగేళ్ల ఫొటోలు పోయాయి. అందులో ఆమె తండ్రిగారి చివరి ఉగాది వుంది. అందుచేత మూడు ప్రతులు పెట్టండి. ఒకటి ఫోనులోనో కంప్యూటరులోనో, ఒకటి వేరే డిస్కు మీద, ఒకటి వేరే ఊళ్లో అన్నగారింటనో అక్కగారింటనో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపండి, వున్నది వున్నట్టు వెళుతుంది. ఏడాదికి ఒకసారి, ఉగాదికి అనుకోండి, మంచివి పన్నెండు ఏరి కాగితం మీద అచ్చు వేయించండి. ఎన్ని మిషన్లు మారినా కాగితం చూడడానికి కన్ను చాలు.

ఊళ్లో గోడలమీద చెదలు తింటున్న పాత ఫొటోలున్నవారు వాటికి కూడా ఈ కెమేరాతోనే ప్రతులు తీసుకోవచ్చు. పటాన్ని కిటికీ పక్కన చదునుగా పెట్టి, అద్దం తీసి, కెమేరాను దానికి సరిగ్గా సమాంతరంగా పట్టి, ఫ్లాషు లేకుండా తియ్యండి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి వుంటే మాత్రం పీకకండి, మొహం అద్దంతోపాటే వచ్చేస్తుంది. అద్దం మీదనుంచే తియ్యండి. వెనక ఎవరెవరో పేర్లు రాసి పెట్టండి. పేర్లు చెప్పగల పెద్దవారు వుండగానే ఆ పని కావాలి.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. బెంగళూరులో రెండు ఆదివారాలు తిరిగి, మూడు కెమేరాలు కాదని, నాలుగోది కొన్నాము. ఆ వారమే అతడు ఊరికి వెళ్లాడు. వాళ్ల నాయన పంచలో కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తూ వుండగా, 50 లెన్సుతో, పక్కనుంచి వచ్చే వెలుతురులో తీశాడు. అచ్చు వేయించి పటం కట్టించి తీసుకువెళ్లి ఇస్తే, ఆ పెద్దాయన దానిని తిప్పి తిప్పి చూసి, "ఇంత ముసలోణ్ణయిపోయినానా? చొక్కా మార్చుకోమని చెప్పేదానికి ఏమైందిరా నీకు!" అని కోప్పడ్డాడట. ఇప్పుడు మంచి చొక్కాతో ఇంకోటి తియ్యాలని కబురు పంపాడు. కుర్రవాడు ఈ పండక్కి వెళుతున్నాడు.

మీలో చాలామంది కూడా ఊళ్లకు వెళతారు. కెమేరా వున్నవారు పట్టుకెళ్లండి. లేనివారు ఫోనే పట్టుకెళ్లండి. బరువని మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లకండి.